కారుకి చెప్పని ఊరు

మా ఆయన ఎలక్ట్రిక్ కారు కొనుక్కుని చలికి బిగుసుకుపోయి చనిపోయాడని చెప్పుకుంటారు. ఇల్లినాయిస్‌లో ఈ నేపర్‌విల్ చుట్టుపక్కల మన మగవాళ్ళు నలుగురు చేరి కార్ల మాట ఎత్తితే చాలు, కాసేపట్లో ఆయన్ని తెచ్చి మధ్యలో కూర్చోబెడతారు. "పాపం, హైవే మీద బ్యాటరీ డెడ్ అయిపోయిందంటండీ. హీటర్ కూడా ఆగిపోయిందంట." చెప్పేవాడి చేతిలో పేపర్ ప్లేటు, ప్లేటులో పులిహోర. వినేవాడు నోట్లో ముద్ద మింగి, "అందుకే నేను హైబ్రిడ్‌కి వెళ్ళాను" అంటాడు. ఒక మనిషి చావు ఇంకొకడు కొనుక్కున్న కారుకి సర్టిఫికెట్టు.

ఒక గృహప్రవేశంలో ఈ కథ నా వీపు వెనకాలే మొదలైంది. చెబుతున్నతను ఊరికి కొత్త, నేనెవరో ఎరగడు. ఎరిగినవాళ్ళు కళ్ళతో సైగలు చేస్తున్నా అతను చూసుకోవడం లేదు. నేను వెనక్కి తిరిగి, "ఆ డెడ్ అయిపోయిన కారు బయట డ్రైవ్‌వేలో ఉంది బాబూ. నేను అందులోనే వచ్చాను. నీ కారుకి అడ్డంగా పెట్టాను కూడా. తియ్యమంటావా?" అన్నాను.

అప్పట్నించీ అతను నన్ను ఎక్కడ చూసినా పక్కకి తప్పుకుంటాడు. మంచిదే.

కారు ఆగిపోలేదు. చార్జర్ తగిలించే ఉంది. హీటర్ నడుస్తూనే ఉంది. తలుపు తియ్యగానే లోపలి వెచ్చదనం మొహానికి కొట్టిందని పోలీసతను స్వయంగా నాతో చెప్పాడు. ఆగింది గుండె. ఆగడానికి ఆ గుండెకి చలి సాయం అక్కర్లేదు. మా మామగారికి రాజమండ్రిలో, మే నెల ఎండల్లో, ఇంచుమించు అదే వయసులో ఆగింది. అప్పుడు ఎండని తిట్టారు, ఇప్పుడు కారుని తిడుతున్నారు. మా వాళ్ళకి గుండెని తిట్టడం చేతకాదు.

అయితే బ్యాటరీ చల్లగా ఉంది. వాళ్ళ కథలో నిజం అదొక్కటే, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నేను పట్టుకుని వేలాడుతున్నది దాన్నే.

ఎందుకో తెలియాలంటే ఆయన పిచ్చి గురించి కొంచెం చెప్పాలి. కారు కొన్న మొదటి చలికాలం మా ఇంట్లో బ్యాటరీ గురించి తప్ప ఇంకో మాట లేదు. చలికి బ్యాటరీ బద్ధకిస్తుంది, లేపాలి. గరాజ్‌లో ప్లగ్ పెట్టి ఉన్నప్పుడే, మనం బయల్దేరే ముందే, అది వెచ్చబడాలి. రోడ్డు మీద ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వెళ్తున్నప్పుడైతే దారిలోనే వెచ్చబడుతూ వెళ్ళాలి, లేకపోతే అక్కడికి చేరాక కరెంటు చుక్క చుక్కగా ఎక్కుతుంది. ఇదంతా ఆయన నాకు పాఠంలా చెప్పేవాడు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను, ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చల్లటి బ్యాటరీలోకి బలవంతంగా కరెంటు తోస్తే లోపల లిథియం పేరుకుంటుందని, అందుకే కారు తనంతట తనే ఆచితూచి తాగుతుందని నేను ఆయనకి చెప్పాల్సింది. కానీ వినేవాడు ఎవడు? వీడియోలు చూసి నేర్చుకున్న మగవాడికి పెళ్ళాం డిగ్రీ కనపడదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. దారిలో బ్యాటరీని వేడి చెయ్యాలంటే కారుకి ముందు మనం ఎక్కడికి వెళ్తున్నామో తెలియాలి. మ్యాప్‌లో ఫలానా చార్జర్ దగ్గరికి అని పెడితేనే అది సమయం చూసుకుని వేడి మొదలుపెడుతుంది. ఊరికే స్టీరింగ్ పట్టుకుని తోలుకుంటూ పోతే దానికేం తెలుసు, మనం చార్జర్‌కి పోతున్నామో చంద్రమండలానికి పోతున్నామో? అందుకని ఆయన రోజూ వెళ్ళే కూరగాయల కొట్టు పక్కనున్న చార్జర్‌కి కూడా మ్యాప్ పెట్టేవాడు. కళ్ళకి గంతలు కట్టినా వెళ్ళగల దారి అది.

"నాకు చెప్పకుండా తిరిగే చోట్లన్నీ దానికి మాత్రం చెప్తారు" అన్నానొకసారి.

"నువ్వు చెప్పకుండానే వేడెక్కుతావు కదా. దానికి చెప్పాలి."

దీనికి మా అత్తగారు లోపలి గదిలోంచి నవ్వింది. ఆవిడ మామగారు పోయాక వచ్చి మాతోనే ఉంటోంది. చెవుడు ఉందంటుంది కానీ నా మీద జోకు పడితే మాత్రం ఎంత దూరంనించైనా వినపడుతుంది.

ఆ అత్తగారి వల్లే ఈ మ్యాప్ వ్యవహారం మా ఇంట్లో పెద్ద రభస అయింది. బయల్దేరే మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. ఇది మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నదే, కానీ మా అత్తగారి దగ్గర ఇది రాజ్యాంగం. ఎవరైనా నోరు జారి అడిగితే ఆ ప్రయాణం చెడినట్టే. వెళ్ళేవాడు వెనక్కొచ్చి, చెప్పులు విప్పి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నించి బయల్దేరాలి. రాజమండ్రిలో చెప్పులు విప్పడం ఎంతసేపు! ఇల్లినాయిస్‌లో జనవరిలో అడిగి చూడండి. బూట్ల తాళ్ళు విప్పాలి, గ్లవ్స్ తియ్యాలి, టోపీ, మఫ్లర్, రెండు పొరల జాకెట్టు. ఆయన ఇవన్నీ విప్పి, గ్లాసెడు నీళ్ళు తాగి, మళ్ళీ తొడుక్కునేసరికి ఆఫీసులో మీటింగ్ సగమయ్యేది. మూఢనమ్మకమని నవ్వేవాడు, విప్పడం మాత్రం విప్పేవాడు. అందుకని నేను అడగడం మానేశాను. నాకు శకునాల మీద నమ్మకం ఉండి కాదు. ఆ బూట్ల తంతు చూడలేక.

అలాంటి ఇంట్లోకి ఈ కారు వచ్చింది. మొదటిసారి గుడికి తీసుకెళ్తూ ఆయన తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఎదురుగా తెర వెలిగింది.

"ఏవిటిరా అడుగుతోంది అది?"

"ఎక్కడికి అని అడుగుతోందమ్మా."

"బయల్దేరుతుంటేనా? దాని నోరు ముయ్యి ముందు!"

"చెప్పకపోతే బ్యాటరీ వేడెక్కదమ్మా."

"వేడెక్కకపోతే పోనీ. దిగు. నీళ్ళు తాగి ఎక్కు."

నిజంగానే దిగాడు. గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చి నీళ్ళు తాగాడు. నేను వెనక సీట్లో కూర్చుని, ఇద్దరు ఇంజినీర్లున్న కుటుంబం ఇదీ అనుకున్నాను. రెండో ఇంజినీరు మా అమ్మాయి. కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లో ఉంటుంది.

చివరికి ఆయనే ఒక రాజీ కనిపెట్టాడు. గడప దాటకముందే, సోఫాలో కూర్చుని, బూట్లు ముట్టుకోకముందే, ఫోన్‌లోంచి ఊరు కారుకి పంపించేవాడు. కారు ఎక్కేసరికి మ్యాప్ పెట్టే ఉండేది. అది అడగాల్సిన పని లేదు, ఈయన చెప్పాల్సిన పని లేదు. "ఇంట్లో ఉండగా చెప్పింది అడిగినట్టు కాదుగా అమ్మా?" అన్నాడు. అత్తగారు ఆలోచించి, కాదు అని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత ఆయన ఈ పద్ధతి ఒక్కనాడు తప్పలేదు. సోఫా, ఫోను, ఆ తర్వాత బూట్లు.

ఇప్పుడు ఆ శనివారం.

ఊపిరి వదిలితే మీసం మీద మంచు కట్టే చలి. ముందురోజు ఆ చలికి బడులు కూడా మూసేశారు. పొద్దున్నే గరాజ్‌లో కారు వేడెక్కుతున్న చప్పుడు వినపడింది. సన్నగా, ఎవరో దుప్పట్లో మూలుగుతున్నట్టు ఉంటుంది అది. నేను పొయ్యి దగ్గర పప్పులో పోపు వేస్తున్నాను. ఆయన వెనకనించి "వెళ్ళొస్తాను" అన్నాడు. నేను ఆవాలు మాడకుండా చూసుకుంటూ "ఊఁ" అన్నాను. మా కాపురంలో ఇలాంటి "ఊఁ"లు ఎన్నో ఉన్నాయి. దీన్ని పట్టుకుని నేను గుండెలు బాదుకోను. శనివారం కదా, ఇండియన్ స్టోర్‌కి అనుకున్నాను.

సంచీలు మాత్రం కొక్కేనికే వేలాడుతున్నాయి. అది నేను చూసింది పోలీసు ఫోన్ వచ్చాక, మధ్యాహ్నం దాటి చాలాసేపయ్యాక. అతను చెప్పిన ఊరి పేరు నేనెప్పుడూ వినలేదు. రెండుసార్లు స్పెల్లింగ్ అడిగాను. హైవే మీద నేరుగా పడమటికి, శివారు ఇళ్ళు అయిపోయి, మొక్కజొన్న చేలు మొదలై, అవి కూడా చాలా దూరం సాగాక, హైవే దిగడానికి వచ్చే ఎగ్జిట్. ఒక గ్యాస్ స్టేషన్, ఒక టిఫిన్ హోటలు, నాలుగు చార్జర్లు. ఆ చుట్టుపక్కల మాకు చుట్టాల్లేరు, స్నేహితుల్లేరు, ఆయనకి ఆఫీసు పని లేదు. ఆస్పత్రివాళ్ళు సంచిలో పెట్టి ఇచ్చిన బట్టల్లో స్వెట్టర్ కింద ఇస్త్రీ చొక్కా ఉంది. శనివారం ఇస్త్రీ చొక్కా! మా ఆయన పెళ్ళిళ్ళకి కూడా నేను అరిస్తే తప్ప ఇస్త్రీది తొడుక్కునేవాడు కాదు.

పక్క చార్జర్‌లో కారు పెట్టుకున్న ఒక తెల్లావిడ ఆయన్ని చివరగా చూసింది. రిటైరైన టీచరు. పోలీసుల దగ్గర తన నంబర్ నాకిమ్మని వదిలి వెళ్ళింది. కర్మలన్నీ అయ్యాక ఫోన్ చేశాను. ఆవిడ తొందరపడకుండా, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. తన కారు చకచకా నిండుతోందట, ఆయనది పాకుతోందట. ఏమైనా పాడైందేమోనని ఆవిడ అద్దం మీద తడితే దించి నవ్వాడట. "తప్పు నాదే. నేను దానికి చెప్పలేదు" అన్నాడట. చాలా దూరం వెళ్ళాలా అని ఆవిడ అడిగింది. "ఇంకెంతో లేదు" అన్నాడట. ఆవిడ కాఫీకని లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన తల వెనక్కి వాల్చి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని కాసేపు ఊరుకుందట. ఊరుకున్నందుకు నాకు క్షమాపణ చెప్పింది. ఆవిడ ఊరుకోకపోయినా అప్పటికే అయిపోయిందని డాక్టర్లు చెప్పిన మాట నేను ఆవిడకి చెప్పాను. నేను ఎవరితోనైనా అంత మెత్తగా మాట్లాడటం అదే ఆఖరు.

నేను దానికి చెప్పలేదు.

పరాయి మనిషితో, ఇంగ్లీషులో అన్న మాట. ఆవిడకి అది బ్యాటరీ కబురు. నాకు కాదు. కూరగాయల కొట్టుకి వెళ్తూ కూడా కారుకి చెప్పి వెళ్ళే మనిషి, ఆ చలిలో, అంత దూరం, చెప్పకుండా వెళ్ళాడు. ఎందుకు?

వెతకలేదా అంటారు. అన్నీ వెతికాను. కారు తెరలో పాత ఊళ్ళన్నీ ఉన్నాయి: గుడి, స్టోరు, ఎయిర్‌పోర్టు, డెంటిస్టు. ఆ దిక్కున ఒక్కటి లేదు. చార్జర్ తగిలించగానే ఎంత దూరం వచ్చామో చెప్పే లెక్క సున్నా అయిపోతుంది, అదీ పోయింది. బయల్దేరే ముందు మీటరు ఎంతుందో ఎవరు చూశారు? కారు కంపెనీకి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా ఏమీ చెప్పలేదు. మా అమ్మాయి వచ్చి ఆయన ఫోన్ తెరిచింది. ఎవరికీ కాల్ లేదు, ఎవరినించీ లేదు. ఎక్కడా కార్డు గీకలేదు.

స్నేహితులు నాకు సాయం చేశారు, అంటే తలో కథా అల్లారు. పెళ్ళిరోజుకి ఏదో సర్‌ప్రైజ్ అని ఒకావిడ. మాకు పెళ్ళయింది ఆగస్టులో తల్లీ, జనవరి నించే మొదలుపెట్టేంత మనిషి కాదు ఆయన. రిటైరయ్యాక పొలం కొందామనుకున్నాడేమో అని ఒకాయన. మా పెరట్లో టమాటా మొక్కకి నీళ్ళు పొయ్యమంటే వాన కోసం చూసేవాడు. ఇక పైకి అనకుండా అనుకున్నది ఒకటుంది. పలకరించడానికి వచ్చిన ఒకావిడ నా చెయ్యి నొక్కి, "మగవాళ్ళ గురించి మనకేం తెలుస్తుందండీ" అంది. చెయ్యి లాక్కుని చెప్పాను. "రెండో సంసారమంటారా? నేనూ అనుకున్నాను. ఉన్న ఒక్క ఇంట్లో చెత్తడబ్బా బయట పెట్టడమే గుర్తుండదు ఆయనకి. రెండో ఇంట్లో ఎవరు పెడతారండీ?"

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. 

నేనొక్కదాన్నే ఆ దిక్కుకి వెళ్ళి చూశాను. ఒకసారి కాదు. ఆ ఎగ్జిట్ దాటి ఇంకా పడమటికి, ఇంకెంతో లేని చోటు ఎక్కడుందో చూద్దామని. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కారంతా తెల్లగా పొక్కులు కడుతుంది. చేలల్లో కోసేసిన మొక్కజొన్న దుబ్బులు మంచులోంచి పొడుచుకుని ఉంటాయి. పెద్ద పెద్ద గాలిమరలు, ఆ మొత్తం ప్రాంతంలో కదిలేవి అవే. ధాన్యం నిలవచేసే తగరపు గోడౌన్లు, ఒక చర్చి, ఒక తపాలా ఆఫీసు, మూసేసిన ఒక బట్టల షాపు. ప్రతి ఊళ్ళోనూ కారు నెమ్మది చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇక్కడికి ఎందుకొస్తాడు మనిషి అని చూసేదాన్ని. ఒక ఇంటి ముందు ఒక ముసలాయన మంచు ఎత్తిపోస్తూ పార ఆపి నన్నే చూశాడు. దిగి ఆయన ఫొటో చూపించి అడుగుదామా అనుకున్నాను. ఏమని అడగాలి? మా ఆయన మీకేమైనా అవుతాడా అనా?

పనిరోజుల్లో తెల్లవారకముందే కారు దానంతటది వేడెక్కడం మొదలుపెడుతుంది. ఆయన పెట్టిన టైమే. నేను మార్చలేదు. దీని మీద కూడా కథలున్నాయి, పాపం గుర్తుగా ఉంచుకుందని. గుర్తూ లేదు, గుమ్మడికాయా లేదు. నేనూ ఆ వేళకే ల్యాబ్‌కి బయల్దేరతాను, అందులోనే. ఉపయోగం ఉంది కనక ఉంచాను.

కానీ మా అత్తగారి మంచం గరాజ్ గోడ పక్కనే ఉంటుంది. ఆ మూలుగు మొదలవగానే చీకట్లోంచి ఆవిడ గొంతు వినపడేది. "వాడు లేచాడు."

మొదటిసారి విన్నప్పుడు పళ్ళు తోముకుంటున్నాను. గదిలోకి వెళ్ళి లైటు వేశాను. ఆవిడ కళ్ళు తెరిచే ఉంది. మతి తప్పి అన్న మాట కాదు.

"అది కారు అత్తయ్యా."

"నాకు తెలుసులేవే. కారే. లేపింది వాడు కదా."

ఏం వాదిస్తాను? నిజమే కదా. ఎవరో ఒకరు లేపితేనే లేస్తుంది అది. లేపిన మనిషి లేడు, లేపడం మిగిలింది. అప్పట్నించి కొన్నాళ్ళు నేను గరాజ్ తలుపు తియ్యడానికి ముందు ఒక్క క్షణం ఆగేదాన్ని. లోపల లైటు వెలుగుతూ, సీటు వెచ్చగా, అద్దాల మీద మంచు కరిగి, ఎవరో ఇప్పుడే కూర్చుని లేచినట్టు ఉంటుంది. సైన్సు చదివినదాన్ని. ఆ వెచ్చదనం తీగలోంచి వచ్చిందని తెలుసు. తెలిసినా సీట్లో కూర్చునే ముందు అరచెయ్యి ఆనించి చూసేదాన్ని. మా అమ్మాయి ఫోన్‌లో, "అమ్మా, అమ్మేయ్ దాన్ని. ఇట్స్ క్రీపీ" అంటుంది. అమ్మను. ఆయన ఎక్కడికి వెళ్ళాడో ఈ లోకంలో చూసింది అదొక్కటే. దానికి నోరు లేకపోవచ్చు. సాక్షి సాక్షే.

ఇంకో మార్పు కూడా వచ్చింది. అత్తగారు అడగడం మొదలుపెట్టింది. నేను బూట్లు వేసుకుంటుంటే వచ్చి నిలబడి, "ఎక్కడికి?" అంటుంది. ఆవిడ నోటినించి ఆ మాట!

"ల్యాబ్‌కి."

"తిన్నగా అక్కడికేనా? మధ్యలో ఎక్కడ ఆగుతావు?"

"ఎక్కడా ఆగను. మీరేమిటి, అడగకూడదన్నది మీరేగా? ఇప్పుడు బూట్లు విప్పమంటారా?"

"అక్కర్లేదు. వెళ్ళు" అనేది. కుర్చీలోకి వెళ్ళి కూర్చునేది. ఎందుకు మారిందో చెప్పేది కాదు. ముసలితనం అనుకున్నాను.

చెప్పింది ఆయన పోయాక రెండో చలికాలంలో. ఒక ఆదివారం పొద్దున్న, నేను మళ్ళీ ఆ దిక్కుకి బయల్దేరుతుంటే, "ఎక్కడికి?" అంది. "మీ అబ్బాయి పోయిన చోటికి" అన్నాను. మొరటుగానే అన్నాను. ఆవిడ శాలువా తెచ్చుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, గరాజ్ తలుపు దగ్గర నిలబడింది.  ఫ్లాస్కులో కాఫీ పోశాను.

నేను సోఫాలో కూర్చుని ఊరు పంపలేదు. కారులోనే, ఆవిడ ఎదురుగా, తెర మీద ఆ చార్జర్ పేరు కొట్టాను. ఆవిడ చూసింది, దిగమనలేదు. చాలాసేపు చేల మధ్య వెళ్ళాం. ఎగ్జిట్ దగ్గరపడుతుండగా తెర మీద చిన్న ఎర్రగీత వచ్చి, బ్యాటరీని వేడి చేస్తున్నట్టు చూపించింది.

"అదేనా వాడు చెప్పే వేడి?"

"అదే."

"మరి ఆ రోజు ఇది రాలేదా?"

"రాలేదు. ఆయన చెప్పలేదు కదా దానికి."

చార్జర్ తగిలించి వచ్చి కూర్చున్నాను. అంకెలు గబగబా ఎక్కుతున్నాయి, ఆ రోజు పక్కావిడ కారులో ఎక్కినట్టు. బయట గాలికి పొడి మంచు నేల మీద పాముల్లా పాకుతోంది. ఎక్కడ పెట్టాడు అని అడిగితే చార్జర్ల వరసలో చివరి స్టాల్ చూపించాను. ఆవిడ దాన్నే చూస్తూ, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా ఉండిపోయింది. ఆ తర్వాత, "నేను అడిగానే" అంది.

"ఏం అడిగారు?"

"ఆ పొద్దున్న. నా గదిలోకొచ్చి వెళ్ళొస్తానమ్మా అన్నాడు. మగత నిద్రలో ఉన్నాను. ఎక్కడికిరా అన్నాను. అనేశాను. నా నోటితో."

అంకెల మీంచి కళ్ళు తీసి ఆవిడ వైపు తిరిగాను.

"నవ్వాడు. అడిగేశావుగా అని నా మంచమ్మీద కూర్చుని బూట్లు విప్పాడు. నా చెంబులో నీళ్ళు తాగాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. చెప్పరా అంటే, వచ్చాక చెప్తాను, దానికీ నీకూ కలిపి అన్నాడు." దానికీ అంటే నాకు. "నీళ్ళు తాగినా తప్పలేదు. అడిగాను, పోయాడు. ఇంక అడిగితే ఏం, అడక్కపోతే ఏం? అందుకే అడుగుతున్నా అందర్నీ."

"అడిగితే గుండె ఆగదత్తయ్యా. ఆ గుండె ఎన్నాళ్ళనించో చెడిపోయి ఉంది. డాక్టరు నాకు బొమ్మ గీసి చూపించాడు. మీకు కూడా గీసి చూపిస్తాను."

"నీ బొమ్మలు నాకెందుకే!" అని కసిరింది. కసిరినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు చలికాలాలు ఈవిడ దీన్ని గోడ పక్కన మంచమ్మీద ఒక్కతే మోసింది. నేనేమో ఆవిడకి వినపడదనుకుని వంటింట్లో నా గోల నేను పడ్డాను.

అప్పుడు నా లెక్క నేను చెప్పాను. "మీరు అడగడం వల్లే కారుకి చెప్పలేదేమో. ముందు పంపి ఉంటాడు. మళ్ళీ మొదట్నించి బయల్దేరాలి కదా, తీసేసి ఉంటాడు. మళ్ళీ పెట్టడం మరిచిపోయి ఉంటాడు. వెళ్ళేటప్పుడు చెప్పకుండా వెళ్ళే మనిషి కాదు."

"వెళ్ళేటప్పుడు సరే" అంది ఆవిడ. "వచ్చేటప్పుడు ఎప్పుడు చెప్పాడే దానికి? మన ఇంటికి మనం రావడానికి ఒకడికి చెప్పాలా అనేవాడు కదా."

 

నిజమే. తిరుగు దారికి ఆయన ఏనాడూ మ్యాప్ పెట్టలేదు. వెళ్ళేటప్పుడు పెట్టిన ఊరు, తను వచ్చి చెప్పేదాకా తెలియకూడదని తెరలోంచి తనే తీసేసి ఉండొచ్చు. పొద్దున్న వెళ్ళినవాడు మధ్యాహ్నం దాటాక ఆ చార్జర్ దగ్గరున్నాడు. అక్కడికి రావడానికి అంతసేపు పట్టదు. ఈ మధ్యలో ఎక్కడికో వెళ్ళి, ఎవరినో కలిసి, ఏదో పని చూసుకుని, వెనక్కి తిరగడానికి కావలసినంత సమయం ఉంది. పోనీ, అంత చలిలో రోడ్డు మీద నెమ్మదిగా వచ్చాడని, ఎక్కడో ఆగి టిఫిన్ తిన్నాడని, ఇంకా వెళ్తూనే ఉన్నాడని కూడా అనుకోవచ్చు. ఆ ఎగ్జిట్‌కి రెండు వైపులనించీ దిగొచ్చు. కారు ఏ వైపునించి దిగిందో పార్కింగ్‌లో పెట్టాక ఎవరికీ తెలియదు. ఆ టీచరుగారికి మళ్ళీ ఫోన్ చేశాను. "నేను వచ్చేసరికే ఆయన ఉన్నాడమ్మా" అంది.

అత్తగారు అప్పట్నించి "వాడు లేచాడు" అనడం మానేసింది. ఆవిడ మట్టుకు తేల్చేసుకుంది: కొడుకు ఇంటికి వస్తున్నాడు, చెప్పడానికి. నేను తేల్చుకోలేకపోతున్నాను. వెళ్తూ ఆగి ఉంటే ఆ ఇస్త్రీ చొక్కా ఎవరూ చూడలేదు, ఎక్కడో ఒక తలుపు తియ్యడానికి ఎవరో ఎదురుచూసి చూసి ఊరుకున్నారు. వస్తూ ఆగి ఉంటే పని అయిపోయింది, నాకు చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకుని మా వంటింటి వైపుకే తిరిగి ఉన్నాడు. ఊరి పేరు నాకు ఇప్పుడు అక్కర్లేదు. మనిషైనా, పొలమైనా, చిన్నిల్లైనా నాకు పరవాలేదు. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్ళు కావాలి. ఆ చివరి స్టాల్‌లో, పాకుతున్న అంకెల ముందు, ఇంకెంతో లేదు అన్నప్పుడు ఆయన వెళ్తున్నాడా, వస్తున్నాడా?